నాలుగో జ్వరం

నాకు నొప్పి మొదలైన రోజు మా పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు ఆకు మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా పడి ఉంటుంది. పాత చర్మం విడిచి కొత్త చర్మంతో లేస్తుంది. దాన్నే మా పక్క జ్వరం అంటారు. అది తొంభై ఏడో సంవత్సరం, శ్రావణ మాసం. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా పల్లె వస్తుంది. ఎకరా మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో వరుసగా పేర్చిన వెదురు తట్టలు. ఇంట్లో ఉండేది నలుగురం. మా ఆయన గంగాధరం, మా అత్త సిద్దమ్మ, నాలుగేళ్ల కూతురు సుష్మ, నేను.

పై వరుసలో తట్ట దించుదామని చేతులెత్తాను. ఎడమ రొమ్ములో, చంక వైపుగా, సూది దిగేసి తిప్పినట్టయింది. తట్ట జారిపోయేదే. నడుముతో ఆనించి పట్టుకున్నాను. తట్టలో పురుగులు ఒక్కటీ కదల్లేదు.

ఆ సాయంత్రం నీళ్లు పోసుకునేటప్పుడు వేళ్లతో నొక్కి చూసుకున్నాను. ఒకసారి ఏదో చేతికి తగిలినట్టే ఉండేది. మళ్లీ అదే చోట నొక్కితే ఏమీ ఉండేది కాదు. మరుసటి రోజు మళ్లీ నొక్కాను. ఆ తరువాత రోజుకు ఎన్నిసార్లు నొక్కుకునేదాన్నో నాకే తెలియదు. నొప్పి నొక్కడం వల్ల ఎక్కువైందో, దానంతట అదే ఎక్కువైందో కూడా చెప్పలేను.

అంతకు ముందు సంవత్సరం కుప్పంలో మా పిన్నమ్మ పోయింది. రొమ్ములో గడ్డ. పుండై నీరు కారేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి బెంగుళూరుకు తీసుకుపోయి కోయించారు. మూడు నెలలు కూడా ఉండలేదు. కత్తి తగిలినందుకే పోయిందని కుప్పంలో మావాళ్లంతా అన్నారు. మా చిన్నాయన ఇప్పటికీ అదే అంటాడు. నాకు మాత్రం గుర్తున్నది వేరే. చూడ్డానికి పోయినప్పుడు ఆమె గదిలో, పుండు వాసన తెలియకుండా, పట్టపగలు ఊదుబత్తులు వెలుగుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది.

అందుకే నేను కూడా ఎవరికీ చెప్పలేదు.

మూడో జ్వరం అయ్యేసరికి మా అత్త కనిపెట్టింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను కాపరానికి వచ్చిన ఏడేళ్లలో ఆమె నన్ను తిట్టిందీ తక్కువే, మెచ్చుకుందీ తక్కువే. తట్టల మధ్య మేమిద్దరం గంటల తరబడి ఒక మాట లేకుండా పనిచేసేవాళ్లం. ఆ రోజు ఆకు తరుగుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఎడం సెయ్యి ఏమైంది మ్మే నీకు?"

"ఏం ల్యా అత్తా."

"రెండు దినాలుగా కుడిచేత్తోనే దించుతాండావే తట్టలు."

"పట్టేసినట్టుండాది. పోతాదిలే."

ఆమె ఇంక అడగలేదు. కాని పై వరుస తట్టలన్నీ ఆ రోజు నుంచి తనే దించసాగింది.

మా ఆయనకు చెప్పాలంటే ఏ మాట వాడాలో నాకు తెలియలేదు. పెళ్లయి ఏడేళ్లయినా ఆ మాట మేమిద్దరం నోటితో అనుకున్నది లేదు. "గుండెల కాడ నొప్పి" అన్నాను. ఆయన అప్పుడే సైకిలు తీసి నన్ను రోడ్డు దాకా ఎక్కించుకుపోయి, బస్సులో పుంగనూరుకు తీసుకుపోయాడు. అక్కడ గోపాలస్వామి అని ఒకాయన మా పల్లెలన్నిటికీ సూదులు వేసేవాడు. డాక్టరు చదువు చదవలేదు, అయినా అందరికీ డాక్టరే. స్టెతస్కోపు చీర మీదనే పెట్టి, "గ్యాసమ్మా. ఉర్లగడ్డ మానేయ్" అన్నాడు. నేను నోరు తెరిచి కాదని చెప్పలేకపోయాను. మాత్రలు తీసుకుని తిరిగొచ్చాము.

ఆ మాత్రలు మూడు రోజులు మింగాను. నాలుగో రోజు పొద్దున్నే తోటలో ఆకు కోస్తున్నాము. చేతులు రెండూ పనిలో ఉన్నాయి, ఆయన మొహం నాకు కనబడడం లేదు. అప్పుడు చెప్పాను.

"నొప్పి గుండెలో కాదు. రొమ్ములో."

కొడవలి చప్పుడు ఆగింది. ఆయన అడిగాడు.

"మీ పిన్నమ్మకు వచ్చినట్టా?"

"తెలీదు."

"గెడ్డ తగులుతాందా?"

"ఒకతూరి తగిలినట్టుంటాది. ఒకతూరి ల్యా."

ఆయన కోసిన కొమ్మలను కట్ట కట్టాడు. విప్పి మళ్లీ కట్టాడు. "పురుగు ఈ పొద్దో రేపో నాలుగో జ్వరానికి పడతాది. అది లేసినాక వారం దినాలు తీరిక ఉండదు. గూళ్లు ఏరినాక పోదాంలే ఇందిరా. ఈలోగా అదే తగ్గిపోయినా పోతాది" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట అన్న గంటకే పని వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బైరెడ్డిపల్లెకు పోయాడు. అక్కడ ఎవరో గడ్డలకు పసరు కడతారని విన్నాడట. మధ్యాహ్నం ఆకు ముద్ద ఒకటి అరిటాకులో చుట్టి తెచ్చాడు. పొట్లం విప్పకుండానే ఇల్లంతా వాసన కొట్టింది.

అత్త షెడ్డులో నుంచి బయటికి వచ్చింది. పురుగులకు ఏ వాసనా పడదు. బీడీ తాగి వచ్చినవాణ్ని ఆమె షెడ్డు గడప కూడా తొక్కనిచ్చేది కాదు.

"ఏందిరా అది? ఆ కంపుకు పురుగు బతుకుతాదా?"

ఆయన నన్ను చూశాడు. నేను గోడను చూశాను. చివరికి ఆయనే అన్నాడు. "ఇందిరకు రొమ్ములో నొప్పంట. పది దినాలైందంట."

అత్త చేతులు కడుక్కుంది. నా రెక్క పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది.

"సూపీ" అంది.

నాకు సిగ్గేసింది. ఆమె మొహం చూస్తే కాదనలేకపోయాను. ఆమె వేళ్లు మల్బరీ పాలతో గరుకుగా ఉండేవి. ఆ వేళ్లతో మెల్లగా, ఒక్కొక్క చోటే, తొందర లేకుండా నొక్కి చూసింది. చంకలో కూడా చూసింది. అంత నేర్పుగా చూస్తుందని నేను అనుకోలేదు.

"ఈడ నొప్పా?"

"ఆ."

"ఈడ?"

"ఆ. ఆడ ఎక్కువ."

"గెట్టిగా ఏం ల్యా. అంతా మెత్తగానే ఉండాది" అంది. అన్న తరువాత కూడా ఆమె చెయ్యి తీయలేదు. కళ్లు మూసుకుని ఏదో పోల్చుకుంటున్నట్టు నిలబడింది. తరువాత నా పైట తనే సరిచేసి బయటికి పోయింది. ఆ పసరు ముద్దను అరిటాకుతో సహా పేడకుప్ప మీద పారేసింది.

"రేపు నాలుగో జ్వరం. ఆకేసే పని ఉండదు" అంది కొడుకుతో. "నేనూ ఇదీ మదనపల్లెకు పోయి ఆడ డాక్టరుకు సూపించుకోనొస్తాం."

"నేను పిల్చుకొని పోతాలే మా. నువ్వు పురుగుల కాడ ఉండు."

"ఆడోళ్ల కాడ నువ్వేం జేస్తావు? నేనే పోతా."

పురుగులు ఇంట్లో ఉన్నంతకాలం ఆమె పల్లె దాటేది కాదు. సొంత తమ్ముడి కొడుకు పెళ్లికి కూడా, మూడో జ్వరమని, పోలేదు. అలాంటి మనిషి నాకోసం బస్సెక్కుతానంటోంది. అంటే నాది ప్రాణం మీదికి వచ్చిన జబ్బేనని నాకు రూఢి అయింది. ఆ పూట సుష్మకు అన్నం కలిపి పెడుతూ ముద్ద ముద్దకూ దాని మొహం చూశాను.

మదనపల్లెలో డాక్టరమ్మ ఆసుపత్రి బస్టాండుకు దగ్గరే. టమోటా లారీలు వరుసగా నిలబడి ఉంటే వాటి సందులో నుంచి నడిచి పోయాము. లోపల బెంచీల నిండా నిండుచూలాళ్లు, చంటిబిడ్డలు. పేరు రాసే అమ్మాయి "ఏం బాధ?" అని గట్టిగా అడిగింది. నేను చెప్పలేకపోతే అత్త "లోపల సెప్తాది, రాసుకో" అంది.

రెండు గంటలు కూర్చున్నాము. అత్త ఎప్పుడూ లేనిది కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం చేస్తోంది.

"నాకు బయంగా ఉండాది అత్తా" అన్నాను.

"నాకూ అంతే" అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడేళ్లలో ఆమె నాతో అన్న మాటల్లో అంత దగ్గరి మాట ఇంకోటి లేదు.

డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. పరదా వెనక పడుకోబెట్టి రెండు వైపులా చూసింది, చంకలు చూసింది, మెడ చూసింది. నెలసరికి ముందు ఎక్కువవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. బరువులు ఎత్తుతావా అంది. తట్టల సంగతి చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"గడ్డేమీ లేదమ్మా. చాలామంది ఆడవాళ్లకు ఈ నొప్పి ఉంటుంది. నెలసరితో పాటు వస్తుంది, పోతుంది. దానికి తోడు నువ్వు చేతులెత్తి తట్టలు దించుతున్నావు, కండ పట్టింది. మాత్రలు రాస్తాను. రెండు నెలలు చూసి తగ్గకపోతే మళ్లీ రా. భయపడాల్సింది లేదు."

నేను పరదా వెనక రవిక హుక్కులు పెట్టుకుంటున్నాను. హుక్కులన్నీ ఒకటి తప్పించి పెట్టుకుని మళ్లీ విప్పాను. సంతోషంతో. అరిచి ఏడవాలనిపించింది. సుష్మ మొహం, మా ఆయన మొహం, ఆ షెడ్డు, అన్నీ ఒక్కసారిగా తిరిగి నావయ్యాయి. అప్పుడు పరదా అవతల అత్త గొంతు వినబడింది.

"గెడ్డ ఉండి, నొప్పి ల్యాకుంటే?"

కొళాయి కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఎవరికమ్మా?"

నేను బయటికి వచ్చాను. ఆమె స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్లోని సంచి నాకు అందించింది.

"నువ్వు బయట కూసో మ్మే" అంది.

బయట బెంచీ మీద నా పక్కన ఎవరో చంటిబిడ్డకు పాలిస్తోంది. ఆ తలుపు నేను ఎంతసేపు చూశానో చెప్పలేను. లోపలికి పిలిచినప్పుడు అత్త చీర సర్దుకుని, పోయినప్పటిలాగే నిటారుగా కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఏదో రాస్తోంది.

"నువ్వు కోడలివా? ఈమెకు గడ్డ వచ్చి రెండేళ్లు దాటింది. చర్మం దాకా వచ్చేసింది. చంకలో కూడా ఉంది. బెంగుళూరు క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాస్తున్నాను. రేపే పోండి. ఎల్లుండి కాదు."

అత్త నా వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తోంది.

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. చీటీ ఆమె రవికలో ఉంది. నేను అడగబోయినప్పుడల్లా తల అటు తిప్పుకుంది. మేము దిగాల్సిన చోటు దగ్గరపడుతుంటే అంది.

"గంగాధరానికి సెప్పొద్దు. గూళ్లు ఏరేదాంకా సెప్పొద్దు. నా మీద ఒట్టు."

నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

ఇంటికి చేరేసరికి మా ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "గెడ్డ ల్యాదంట. కండ పట్టినాదంట" అన్నాను. ఆయన అక్కడే మట్టిలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సుష్మ భయపడి ఆయన వీపు మీద ఎక్కింది. అత్త మా ముగ్గురినీ దాటి షెడ్డులోకి పోయింది. పురుగులు జ్వరం నుంచి లేస్తున్నాయి.

నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూసినవాళ్లకే తెలుస్తుంది. పగలూ రాత్రీ తింటూనే ఉంటుంది. షెడ్డంతా ఆకు నమిలే చప్పుడే. ఆ వారం మాకు కూర్చోవడానికి తీరిక లేదు. మా ఆయన ఈల వేసుకుంటూ పనిచేశాడు. ఒకరోజు పుంగనూరు నుంచి నాకు మూర కనకాంబరాలు తెచ్చాడు. పెళ్లయిన కొత్తలో కూడా తేలేదు. వాటిని తలలో పెట్టుకుని అత్త ఎదురుగా తిరగలేకపోయాను.

అత్త మాత్రం రెండింతలు పనిచేసింది. పనిచేస్తూ, అడగకుండానే నాకు అన్నీ చెప్పసాగింది. చిక్కుడు విత్తనాలు ఏ కుండలో ఉన్నాయో. గూళ్లు కట్టించే వెదురు చంద్రికలు ఎవరింటి నుంచి ఎన్ని తేవాలో. గూడు కట్టడానికి పండిన పురుగును ఎండ వైపు పట్టి చూస్తే ఒళ్లు ఎలా మెరుస్తుందో. పెట్టె తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టి, "దీన్ని నీ కాడే పెట్టుకో" అంది. నేను వద్దన్నా వెనక్కి తీసుకోలేదు.

మూడో రోజు తోటలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"అత్తా, పోదాం. ఆయనతో నేను సెప్తా."

"మీ పిన్నమ్మకు కత్తి పెట్టినారు గదా. పెట్టినాక ఎన్ని దినాలుండాది?"

నేను కోసిన ఆకును కట్ట మీద వేశాను.

"నాకు నొప్పి ల్యా. తింటాండా. పని జేస్తాండా. నన్ను ఇట్నే ఉండనీ మ్మే."

"మరి యాల అడిగినావు డాక్టరమ్మను? నా కోసరమేనా మదనపల్లెకు వచ్చింది?"

ఆమె ఆకు కోయడం ఆపలేదు. కోసిన కట్టను నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆమె ఎడమ చెయ్యి కట్ట దాకా లేవలేదు. కుడిచేత్తోనే పట్టుకుంది. ఏడేళ్లుగా ఆమె పక్కన పనిచేస్తున్నాను, అంతవరకూ గమనించలేదు. నా చెయ్యి రెండు రోజులు లేవకపోతే ఆమె కనిపెట్టింది.

నాలుగు రోజులు, ఐదు రోజులు. చెప్పాలని నోటిదాకా వచ్చేది. పురుగులు కళ్లముందు లావవుతుండేవి. ఇంకో మూడు రోజులే కదా అనిపించేది. ఒట్టు ఒక్కటే నా నోరు కట్టేసిందంటే అబద్ధం. ఆ పంట నాకూ కావాలి. ఇంట్లో ఇద్దరు పోతే పురుగులను ఎవరు చూస్తారని నేనూ లెక్క వేశాను. ఆ లెక్క వేసినందుకు ఇప్పటికీ నన్ను నేను మన్నించుకోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పురుగులు పండడం మొదలైంది. పండిన పురుగును ఆలస్యం చేయకుండా ఏరి చంద్రికలలో వదలాలి, లేకపోతే తట్టలోనే పట్టు వృథా చేస్తుంది. పక్కింటి కృష్ణప్ప, ఆయన పెండ్లాం సాయానికి వచ్చారు. నేను గిన్నె కోసం ఇంట్లోకి పోయాను. అత్త గది తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులో నుంచి పొగ వస్తోంది.

తలుపు తోశాను. గోడకు దగ్గరగా, మట్టి దిమ్మలో మూడు ఊదుబత్తులు వెలుగుతున్నాయి. అత్త వీపు తిప్పుకుని కూర్చుని, పాత చీర గుడ్డను మడతలు పెట్టి రవిక లోపల సర్దుకుంటోంది. ఇంట్లో పురుగులున్నప్పుడు దేవుడి దగ్గర కూడా ఊదుబత్తి వెలిగించనివ్వని మనిషి.

నేను తిరిగి చూడకుండా షెడ్డులోకి పరుగెత్తాను. కృష్ణప్ప ఉన్నాడని కూడా చూడలేదు.

"మీ అమ్మకు రొమ్ములో గెడ్డ ఉండాది. రెండేండ్లయింది. డాక్టరమ్మ ఆ పొద్దే బెంగుళూరుకు పొమ్మనింది. నాతో ఒట్టు ఏయించుకునింది" అన్నాను, ఊపిరి తిప్పుకోకుండా.

మా ఆయన చేతిలో పండిన పురుగులు ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా, ఒక్కొక్కటిగా చంద్రికలో వదిలాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఎనిమిది దినాలు" అన్నాడు. "ఎనిమిది దినాలు నన్ను ఈల ఏసుకుంటా తిరగనిచ్చినావు గదా ఇందిరా."

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఆమె దగ్గరికి పోయి, నేల చూస్తూ అన్నాడు.

"సీర మార్సుకో మా. పదిన్నర బస్సుకు పోవల్ల."

"పురుగు పండినాది రా. రేపు..."

"సీర మార్సుకో."

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. చాలా దూరం నుంచి చూస్తున్నట్టు చూసింది. చీర మార్చుకుని వచ్చి, నన్ను దాటి, కృష్ణప్ప పెండ్లాంతో అంది. "సంద్రికల్లో పురుగు దట్టంగా ఇడవద్దండి. జంటగూళ్లు పడతాయి." ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు. సుష్మ వెంటపడితే ఎత్తుకుని లోపలికి తెచ్చాను.

ఆ పంటలో సగం జంటగూళ్లే పడ్డాయి. రెండు పురుగులు కలిసి కట్టిన గూటికి సరైన దారం రాదు, ధరా రాదు.

బెంగుళూరులో పదిహేను రోజులకు కోశారు. తరువాత కరెంటు పెట్టడానికి, అదే రేడియేషనుకు, నెలకు పైగా అక్కడే ఉంచారు. ఆసుపత్రి వెనక రేకుల సత్రంలో మా ఆయన ఆమెతో ఉన్నాడు. నేను సుష్మను తీసుకుని రెండుసార్లు పోయాను. అక్కడి పెద్ద డాక్టరును వరండాలో పట్టుకుని అడిగాను, ఎనిమిది రోజుల ముందే వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని. ఆయన కన్నడం కలిపిన తెలుగులో, "ఎనిమిది రోజులకు కాదమ్మా, రెండు సంవత్సరాలకు తేడా ఉంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని బతకవచ్చు. కొన్నిరోజులు బతికాను కూడా.

అత్త నాతో మాట్లాడలేదు. ఆసుపత్రిలోనూ అంతే, కార్తీకంలో ఇంటికి వచ్చాకా అంతే. ఏది కావాలన్నా సుష్మతో చెప్పేది.

"సుష్మా, నీళ్లు కాంచమని మీ అమ్మకు సెప్పు."

నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని. సుష్మ నా వైపు తిరిగి, "మా, అవ్వకు నీళ్లు కాంచల్లంట" అనేది. పసిపిల్లకు అదొక ఆట. నేను నీళ్లు పోసేదాన్ని, గాయం తుడిచేదాన్ని, చెయ్యి పట్టి రవిక తొడిగేదాన్ని. ఆమె అన్నీ చేయించుకునేది. మొహం మాత్రం గోడ వైపు ఉండేది. ఒకసారి ఉండబట్టలేక, "తిట్టత్తా. నోరు తెరిసి తిట్టు" అన్నాను. ఆమె సుష్మను పిలిచి తువ్వాలు అడిగింది.

ఆ నెలలోనే ఆమెకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. పడుకుంటే ఎక్కువయ్యేది. మంచు పడుతోంది, అందుకే అనుకున్నాము. అంటే, అలా అనుకుందామని ఎవరికి వారు తీర్మానించుకున్నాము. ఇంట్లో ముగ్గురం ఆ దగ్గు విన్నాము, ఎవ్వరం దాని ఊసెత్తలేదు.

ఒక మధ్యాహ్నం కృష్ణప్ప పెండ్లాం వచ్చి కూర్చుంది. శెనిక్కాయ పీకుడు సంగతి మాట్లాడింది, వాన సంగతి మాట్లాడింది. లేస్తానంటుంది, లేవదు. ఆమె చెయ్యి పైట మీద నుంచి కదలడం లేదు. అత్త గోడకు ఆనుకుని చాలాసేపు ఆమెనే చూసింది.

"ఎన్నాళ్లయింది?" అంది.

కృష్ణప్ప పెండ్లాం ముందు అర్థం కానట్టు చూసింది. తరువాత కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇందిరా" అంది అత్త.

నేను వంటింట్లో ఉన్నాను. సుష్మను పిలవాల్సింది పొరపాటున నా పేరు వచ్చిందేమో అనుకున్నాను. మళ్లీ పిలిచింది. రెండున్నర నెలల తరువాత నా పేరు.

"రేపు ఈమెను డాక్టరమ్మ కాడికి పిల్చుకొని పో. శెనిక్కాయ పీకల్ల, మొగుడు ఒప్పుకోడు అంటాది. ఇనొద్దు."

"సరే అత్తా."

ఆమె ఇంకేదో అనబోయింది. దగ్గు తెర వచ్చింది. చాలాసేపు దగ్గి, కళ్లు తుడుచుకుంది.

మరుసటి పొద్దున కృష్ణప్ప పెండ్లాం మా ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమెను పొమ్మని ఎవరూ అనలేదు.

"నేనూ వస్తా. ఈ దగ్గేందో అడగల్ల" అంది.

అదేమిటో డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది. ఊపిరితిత్తుల్లోకి పోయిందని. కృష్ణప్ప పెండ్లానికి మాత్రం ఏమీ లేదు. ఆమె ఈనాటికీ బాగుంది. అత్త మరుసటి సంవత్సరం ఆషాఢం దాకా ఉంది. ఆ ఎనిమిది నెలల్లో నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ ఎనిమిది రోజుల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ పొద్దున ముగ్గురం నడిచాము. రెండు మైళ్లు. మంచు ఇంకా విడవలేదు, దారి పక్క మల్బరీ తోటలు కనబడీ కనబడనట్టున్నాయి. అత్త ముందు, వెనక మేము. సగం దారిలో కృష్ణప్ప పెండ్లాం ఆగిపోయింది. ఇంకో వారం చూద్దాం, తగ్గినట్టే ఉంది అంది. నేను ఏమని చెప్పాలా అని చూస్తున్నాను. అత్త వెనక్కి తిరగలేదు, ఆగలేదు, ఆయాసపడుతూనే నడిచింది. ఆమె అంత దూరం పోయేసరికి కృష్ణప్ప పెండ్లాం తల వంచుకుని మళ్లీ కదిలింది.

మేము రోడ్డు ఎక్కేసరికి దూరంగా బస్సు లైట్లు కనబడుతున్నాయి. అత్త అప్పటికే రోడ్డు మధ్యకు పోయి, చెయ్యి చాపి నిలబడి ఉంది.